సకురజిమలో గాలి ఎటు?

జపాన్ దక్షిణాన ఉన్న కగోషిమ నగరంలో టీవీవాళ్ళు ఎండ, వాన సంగతులు చెప్పాక ఇంకో ముక్క కూడా చెబుతారు: సకురజిమ పైన గాలి ఎటు వీస్తోందో. ఊరికి ఎదురుగా, నాలుగు కిలోమీటర్ల సముద్రం అవతల, 1117 మీటర్ల ఆ అగ్నిపర్వతం పొగలు కక్కుతూ కూర్చుంది. అది పేలుతుందా లేదా అని అక్కడెవరూ అడగరు. 1955 నుంచి పేలుతూనే ఉంది. పేలితే బూడిద ఎవరి నెత్తిన పడుతుందన్నదే అందరి బెంగ. వేసవిలో తూర్పుగాలి, అంటే నగరం వంతు. చలికాలంలో అవతలి ఓసుమి ద్వీపకల్పం వంతు. నేను వెళ్ళింది ఆగస్టులో.

ఫెర్రీ ప్రయాణం పావుగంటే. అంతలోనే లోపల వేడివేడి ఉదోన్ నూడుల్స్ అమ్ముతారు, జనం జుర్రుమంటూ గిన్నె ఖాళీ చేసి దిగిపోతారు. నేను పైడెక్ మీద కెమెరా పట్టుకుని కాచుక్కూర్చుంటే, పక్కనున్న వాళ్ళలో ఒక్కరూ కొండవైపు తలెత్తి చూసిన పాపాన పోలేదు.

కొండ కింద నేను దిగిన ఇంటి పెద్దావిడకు డెబ్బై దాటి ఉంటాయి. ఆమె జపనీస్, నా తెలుగు, మధ్యలో ఫోన్ అనువాదం. మధ్యాహ్నం ఉన్నట్టుండి కిటికీ అద్దాలు గడగడమన్నాయి. శబ్దం చెవికంటే ముందు ఛాతీకి తగిలింది. నేను కెమెరా కోసం పరిగెత్తాను, ఆవిడ ఆరేసిన బట్టల కోసం పరిగెత్తింది. బట్టలు లోపలికి చేరాయి, కిటికీలు మూతపడ్డాయి, ఏసీ మొదలైంది. నా ఫోటోలో వచ్చింది బూడిదరంగు ఆకాశం, అందులో బూడిదరంగు మేఘం.

కాసేపటికి ఆకుల మీద సన్నటి వాన మొదలైనట్టు చప్పుడు. చెయ్యి చాపితే తడి లేదు, నల్లటి ఇసుక. బూడిద అంటున్నాం గానీ పొయ్యిలో బూడిదకూ దీనికీ ఏ పోలికా లేదు. ఇది కాలి మిగిలింది కాదు, పిండిగా చిట్లిన రాయి, గాజు. పళ్ళ మధ్య కరకరలాడుతుంది, కంట్లో పడితే నలపకూడదు, నీళ్ళతో కడగాలి. కారు అద్దం మీద పొడిగా వైపర్ తిప్పితే గీతలు పడిపోతాయి, కాబట్టి ముందు బకెట్టు నీళ్ళు గుమ్మరిస్తారు. నగరంలో సమాధులకు కూడా పైకప్పులు వేశారంటే, బతికున్నవాళ్ళ అవస్థ ఎంతో ఊహించుకోవచ్చు.

సాయంత్రం పెద్దావిడ చీపురు పట్టింది. ఊరికే చూస్తూ కూర్చోలేక నేనూ ఒకటి అందుకున్నాను. కాలవలోకి నెట్టబోతే చేత్తో ఆపింది. కాలవలో పడితే గట్టిపడి పూడిపోతుందట. దీనికోసమే నగరపాలిక ఇంటింటికీ ఉచితంగా పసుపురంగు సంచులిస్తుంది. ఎత్తిన బూడిద అందులో వేసి, వీధిలో బోర్డు పెట్టిన చోట ఉంచితే బండి వచ్చి తీసుకెళ్తుంది. ఆవిడ సంచి సగానికే మూతి కట్టేసింది. అంత తక్కువెందుకని ఎత్తి చూస్తే నా నడుం పట్టేసింది. మామూలు చెత్తకు ఒక రోజు, బూడిదకు ఇంకో లెక్క!

వాన పడితే ఇదంతా కడుక్కుపోతుందిగా అన్నాను. ఆవిడ ఫోన్ లాక్కుని చాలాసేపు మాట్లాడింది. కొండ మీద పేరుకున్నదంతా వానకు బురదై, బండరాళ్ళను దొర్లించుకుంటూ వాగుల్లోంచి దిగుతుందట. అందుకే వాగు వాగుకూ కాంక్రీటు అడ్డుకట్టలు, గట్టి వానైతే రోడ్డు మూత. రోడ్డు పక్కన బస్టాపుల్లా కనిపించే కాంక్రీటు గూళ్ళు పైనుంచి రాళ్ళు పడితే దూరడానికి. పిల్లలు బడికి పసుపు హెల్మెట్లు పెట్టుకుని వెళ్తారు.

నాకు చిరాకెత్తించింది మాత్రం కొండ కాదు, బస్సులు. పర్యాటకుల బస్సు రేవు నుంచి యునోహిర వ్యూపాయింటు దాకా తిప్పి దింపేస్తుంది, తూర్పువైపున్న కురొకామి ఊరికి వెళ్ళదు. అటువెళ్ళే బస్సులు అరకొర. చివరికి టాక్సీ ఎక్కి, మీటరు వైపు చూడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అక్కడ మూడు మీటర్ల గుడి తోరణం ఒకటి 1914 జనవరి విస్ఫోటంలో పూడిపోయింది, పైన ఓ మీటరు మాత్రం మిగిలింది. తవ్వి తీయకుండా అలాగే ఉంచారు. దాని అడ్డపట్టీ నా నడుం ఎత్తులో ఉంది, కాళ్ళ కింద మిగతాది. ఆ ఏడే లావా జలసంధిని పూడ్చేసి, అప్పటిదాకా దీవిగా ఉన్న సకురజిమను ఓసుమికి అతికించేసింది.

తిరుగుదారిలో హిగాషి సకురజిమ ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఉన్న రాతిశాసనం దగ్గర టాక్సీ ఆపించాను. 1924లో నిలబెట్టారు. 1914లో భూమి వరసగా కంపిస్తుంటే గ్రామాధికారి వాతావరణ కేంద్రాన్ని అడిగాడు, సకురజిమ పేలదని జవాబొచ్చింది. చాలామంది ఆ మాట లెక్కచేయక పడవలెక్కి వెళ్ళిపోయారు. నమ్మి ఆగినవాళ్ళు చివరికి చన్నీళ్ళ సముద్రంలోకి దూకాల్సి వచ్చింది. అందుకే ఆ రాతి మీద చెక్కించారు: జనం సిద్ధాంతాన్ని నమ్మకూడదు, తేడా కనిపిస్తే ముందే బయల్దేరే ఏర్పాట్లు చేసుకోవాలని.

సైన్సును తప్పుపట్టే శాసనం బడి ఆవరణలో ఉండటం నాకు తెగ నచ్చింది. పెద్దావిడకు ఆ మాట చెబితే ఒప్పుకోలేదు. 2022 జూలై 24 రాత్రి హెచ్చరికను అన్నిటికన్నా పైదైన అయిదో స్థాయికి పెంచి అరిమురా, ఫురుసాతో అనే ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు కదా, ఆ చెప్పింది శాస్త్రజ్ఞులే కదా అంది. మరి ఏటా జరిగే తరలింపు కసరత్తుకు మీరు వెళ్తారా అని అడిగాను. వెళ్తుందట. సంచి ఎప్పుడూ సర్దే ఉంటుందట. రెండూ నమ్ముతానంది, నన్ను పక్కకు జరగమని చీపురు మళ్ళీ అందుకుంటూ.