డిశ్చార్జి కాగితంలో ఒక్క వాక్యం

మూడేళ్ల కిందట ధనుర్మాసంలో తెల్లవారుజామున కళ్లాపి చల్లుతూ జారిపడ్డాను. పడింది నిలబడ్డ చోటనే, అయినా చెయ్యి ఆనించేసరికి ఎడమ మణికట్టు విరిగింది. అప్పుడు నాకు 53 ఏళ్లు. పిండికట్టు వేసిన డాక్టరుగారు, "ఇంత చిన్నగా పడితే ఎముక విరగకూడదమ్మా" అని ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాశారు. వెన్నెముక దగ్గర టి-స్కోర్, అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 3.1 వచ్చింది. మైనస్ 2.5, అంతకన్నా కిందికి ఉంటే ఎముకలు గుల్లబారినట్టేనట.

నన్ను లేడీ డాక్టరుగారి దగ్గరికి పంపారు. ముట్లు ఎప్పుడు ఆగాయని ఆవిడ అడిగారు. 38 ఏళ్లకే గర్భసంచి తీసేశారని చెప్పాను. "అండాశయాలు ఉంచారా?" అన్నారు. నాకు తెలియదు. బీరువాలో చీరల కింద 15 ఏళ్లుగా ఉన్న డిశ్చార్జి కాగితం మర్నాడు తీసుకెళితే, చదివి చెప్పారు: రెండూ తీసేశారు.

అప్పట్లో నాకున్నది తెల్లబట్ట, నడుంనొప్పి. క్యాన్సర్ కావచ్చని భయపెడితే, పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకని ఇంట్లో అందరూ సరే అన్నారు. ఆ తర్వాత ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేని రాత్రులు. అది వేడి చేయడం అనుకుని మజ్జిగ తాగాను. అండాశయాలు పోతే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుందని, ఎముక కరగకుండా కాపాడేది ఆ హార్మోనేనని నాకెవరూ చెప్పలేదు. అంత చిన్న వయసులో అవి తీసేస్తే, వద్దనే కారణం ఏదీ లేకపోతే, మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా ఈస్ట్రోజన్ ఇవ్వడం పద్ధతి అట. ఇది విన్న రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

"మరి ఇప్పుడు వాడొచ్చా మేడమ్?" అని అడిగాను. ఆవిడ తొందరపడకుండా వివరంగా చెప్పారు. 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారట. ఈస్ట్రోజన్, దానితో ప్రొజెస్టెరాన్ లాంటి ఇంకో హార్మోన్ కలిపి వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం పెరిగాయి. తుంటి ఎముక విరగడం మాత్రం తగ్గింది. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63. అందుకే 60 లోపు, ముట్లు ఆగి పదేళ్లు దాటనివాళ్ల లెక్క వేరుగా చూస్తారు. నాకు పదిహేనేళ్లు దాటాయి, బీపీ కూడా ఉంది. కొత్తగా మొదలుపెట్టడం కన్నా ఎముకల మందే మేలన్నారు. నాకూ అదే సబబనిపించింది.

ముందు వారానికో అలెండ్రోనేట్ మాత్ర ఇచ్చారు. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని, అరగంట నడుం వాల్చకూడదు, ఏమీ తినకూడదు. కాఫీ కూడా కుదరదు. రెండు నెలలకే గుండెల్లో మంట భరించలేకపోయాను. దాంతో ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్‌కి మార్చారు. దానికి ముందు కిడ్నీ పరీక్ష చేశారు, విటమిన్ డి తక్కువుంటే సరిచేశారు. దవడ ఎముకకు అరుదుగా ఇబ్బంది రావచ్చని పుచ్చుపన్ను ముందే పీకించారు. మొదటిసారి ఎక్కించిన రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు. రెండు రోజుల్లో తగ్గాయి, రెండోసారి ఏమీ లేదు.

రెండేళ్ల తర్వాత స్కోరు మైనస్ 2.8. మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదు, రోట్లో పచ్చడి రుబ్బలేను. కానీ రోజూ నడుస్తున్నాను, మళ్లీ ఏ ఎముకా విరగలేదు.

మా చెల్లికి 48. నిరుడు ముట్లు ఆగాయి, ఆవిర్లతో అల్లాడింది. నాకు డాక్టరుగారు చెప్పినవి విని హార్మోన్లంటేనే టెన్షన్ పడింది. నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. దానికి గర్భసంచి ఉంది కాబట్టి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ కూడా ఇవ్వాలన్నారు. రొమ్ముకు తీసే ఎక్స్‌రే, మామోగ్రామ్, బాగుంది. వాడుతోంది, నిద్రపడుతోంది.

మొన్న మా అక్క కూతురు ఫోన్ చేసింది. దానికి 36. అధిక రక్తస్రావమని ఆపరేషన్ రాశారట. "అండాశయాలు ఉంచుతారా అని అడిగావా?" అన్నాను. అడగలేదంది. ఇద్దరం వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ముందు మందులతో చూద్దామన్నారు. ఆపరేషన్ తేదీ వాయిదా వేయించి, గుంటూరు నుంచి ఇద్దరం బస్సులో ఇంటికొచ్చాం.