అక్క డబ్బాలో పదకొండు ఉండలు

నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లడం మాకు ప్రయాణం లెక్కలోకే రాదు. పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి సెంట్రల్లో దిగుతాం. పట్టుచీరలకి, కంటి డాక్టరు దగ్గరికి, ఊరికే అక్కని చూసి రావడానికి ఎన్నిసార్లు తిరిగానో. ఈసారి మే నెలలో వెళ్లినప్పుడు మాత్రం ఒళ్లో మట్టి దాక ఉంది. మా అమ్మ పులుసు పెట్టిన దాక. పాత చీరలో చుట్టి, దారిలో ఎక్కడా కింద పెట్టకుండా తీసుకెళ్లాను.

దానికి కారణం బావ ఫోను. "వచ్చే వారం పెళ్లిరోజు కదమ్మా. మీ అక్క ఉంటే ముందురోజే చేపల పులుసు పెట్టేది. నువ్వు ఒక్కసారి వస్తావా?" అన్నారు. అక్క పోయింది కిందటి ఆగస్టులో. ఏడాది తిరగకుండా పండగలు చేసుకోకూడదంటారు, నిజమే. కానీ ఇది పండగ కాదు. ఒక మనిషి తన భార్య వంట తినాలనుకున్నాడు, అంతే. నేను మారుమాట లేకుండా టికెట్ తీసుకున్నాను.

సంచీలో ఏమేం పెట్టుకున్నానో చెప్పాలి. మా పెరటి చెట్టు మామిడికాయలు నాలుగు, కొత్త చింతపండు, ఇంట్లో కొట్టించిన కారం, వేయించి దంచిన మెంతులు, ధనియాలు, జీలకర్ర, ఆవాల పొడి. అక్క పుట్టింటి రుచి అక్క ఇంటికి మోసుకెళ్తున్నానన్న తృప్తితో కూర్చున్నాను. ఎదురు సీటులో ఒక పెద్దాయన సూళ్లూరుపేట దాకా దాకనే చూస్తూ, చివరికి ఉండబట్టలేక, "గూడూరు చట్టేనా అమ్మా? ఇప్పుడు దొరకట్లేదు ఇలాంటివి" అన్నారు. మా అమ్మ నెల్లూరులోనే కొన్నదని చెప్పాను.

సెంట్రల్ బయట ఎండ మాడ్చేస్తోంది. కత్తిరి రోజులు. ఆటో అతను పెరంబూరుకి 300 అడిగాడు. పట్టుమని ఏడు కిలోమీటర్లు ఉండదు. నాకు ఒళ్లు మండి పక్కనున్న లోకల్ స్టేషన్ వైపు నడిచాను. 5 రూపాయల టికెట్. బేసిన్ బ్రిడ్జ్, వ్యాసర్పాడి, ఆ తర్వాత పెరంబూరే. సెంట్రల్ పేరు 2019లో మార్చి ఎం.జి.ఆర్. పేరు పెట్టారు, ఊరి పేరు 1996లోనే మారింది. మా అక్క మాత్రం చివరిదాకా "మద్రాసు సెంట్రల్లో దిగి ఫోన్ చెయ్యిమే" అనేది. ఆ రోజు దిగాక అలవాటు కొద్దీ ఫోను తీశాను. ఎవరికి చేయాలో ఒక నిమిషం అర్థం కాలేదు.

బావ రైల్వే కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. 1955లో మొదలైన ఆ ఫ్యాక్టరీ చుట్టుపక్కల తెలుగువాళ్లు బాగా ఉంటారు. పెరంబూరు, అయనావరం, విల్లివాక్కం వీధుల్లో నడుస్తుంటే కిటికీల్లోంచి మన మాట వినపడుతుంది. ఇల్లు శుభ్రంగానే ఉంది. వంటింట్లో మాత్రం పొయ్యి గట్టు మీద మెస్ నుంచి వచ్చే క్యారేజీ ఒక్కటే ఉంది. అక్క ఉన్నప్పుడు ఆ గట్టు మీద చెయ్యి పెట్టడానికి ఖాళీ ఉండేది కాదు. అది చూసి నాకు ఆ సాయంత్రమంతా నోట మాట రాలేదు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి కాశిమేడు చేపల మార్కెట్‌కి వెళ్లాం. ఈ మార్కెట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను వెళ్లింది తప్పు కాలంలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతటా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. మన కృష్ణపట్నం వైపూ ఇదే నియమం. నాకు తెలియని సంగతి కాదు, కానీ బయల్దేరే హడావిడిలో గుర్తే రాలేదు. హార్బర్‌లో పెద్ద బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. కొన్నిటి మీద వలలు కుట్టుకుంటున్నారు, కొన్నిటికి రంగులు వేస్తున్నారు. చిన్న ఫైబర్ పడవలు తెచ్చిన చేప మాత్రమే గట్టుకి వస్తోంది. దాని చుట్టూ తోపులాట.

పేర్ల దగ్గర కాస్త తికమక పడతాం కానీ భయం లేదు. చందువని అక్కడ వవ్వాల్ అంటారు, పండుగప్పని కొడువా అంటారు, కొర్రమీను విరాల్ అవుతుంది. వంజరం మాత్రం రెండు ఊళ్లలోనూ వంజరమే. అక్క పులుసుకి వంజరమే వాడేది. పెళ్లయిన కొత్తలో బొమ్మిడాయిలు దొరకక ఏడ్చేదని అమ్మ చెప్పేది. తర్వాత ఆ ఊసే మానేసింది.

వంజరం కిలో 1,400 అంది ఒకావిడ. నిషేధం లేని రోజుల్లో దాదాపు సగానికే తెస్తానని బావ గొణిగారు. నేను బేరం ఆడుతూ తమిళం చాలక తెలుగులోకి వచ్చేసరికి ఆవిడ ముఖం మారింది. "నెల్లూరా?" అంది తెలుగులోనే. వాళ్ల మేనత్త పులికాట్ దగ్గర పల్లెలో ఉందట. మా తీరంలో పట్టపు వాళ్లు ఇళ్లల్లో ఒక రకం తమిళమే మాట్లాడుకుంటారు, ఆవిడ వాళ్ల మనిషి. ఎవరికోసం అని అడిగితే చెప్పాను. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా బుట్ట అడుగు నుంచి వేరే చేపని తీసి, మొప్ప ఎత్తి ఎరుపు చూపించింది. "ఇది రాత్రి పడింది. చచ్చిపోయినోళ్లకి పెట్టేదాంట్లో పాత చేప ఇస్తే నాకు తగుల్తాది" అంది. 1,250కి ఇచ్చింది. కిలోన్నర తీసుకున్నాం. ముక్కలు కోసే ఆమెకి ఇచ్చే డబ్బు వేరు. తలకాయ రెండుగా చీల్చమని చెప్పడం మర్చిపోతే బావ గుర్తు చేశారు. అక్క తలకాయ తనే తినేది.

వంట సంగతి పెద్దగా చెప్పను, నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. దాకలో వేరుశెనగ నూనె, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, టమాటా, చిక్కటి చింతపండు పులుసు, మరిగాక ముక్కలు, తర్వాత మామిడి చెక్కలు, చివర్న పొడి. ముక్క వేశాక గరిటె పెట్టకూడదు. రెండు చేతులా గుడ్డతో దాకని పట్టుకుని తిప్పాలి. అమ్మ ఎలా చేసేదో ఒక్క అడుగు తప్పకుండా చేశాను. సెగ కట్టేసి మూత పెట్టినప్పుడు నాకు ఏడుపొచ్చింది. వాసన అచ్చంగా మా ఇంటిదే.

పెళ్లిరోజు మర్నాడు. అందాకా ఊరాలి. కానీ రాత్రి బావ ఆగలేక రెండు ముద్దలకి సరిపడా అన్నం పెట్టుకుని పులుసు వేసుకున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆయన తిన్నారు. కళ్లు తుడుచుకున్నారు. "అత్తమ్మ చేసినట్టే ఉందమ్మా. ఎన్నేళ్లయిందో తిని" అన్నారు.

నాకు చాలా సంతోషమైంది. అదే అనుకున్నాను కదా. ఇంతకన్నా ఏం కావాలి అనుకుని గిన్నెలు కడుగుతుంటే పక్కింటావిడ వచ్చింది. తమిళావిడ, అక్కకి పాతికేళ్ల స్నేహం. ఇద్దరూ ఒకరి భాష ఒకరు సగం సగం మాట్లాడుకునేవాళ్లు. ఆవిడ దాక మూత తీసి, వంగి వాసన చూసి, నా వైపు తిరిగింది.

"వడగం పోడలియా?"

వడగం వేయలేదా అని. నాకు అర్థం కాలేదు. పప్పు వడియాలు పులుసులో ఎందుకు అనుకున్నాను. ఆవిడ చేత్తో ఉండలా చూపించి, తాళింపు వడగం అని విడమరిచి చెప్పింది. చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, కరివేపాకు కచ్చాపచ్చాగా దంచి, ఆవాలు, మినప్పప్పు, మెంతులు, జీలకర్ర, పసుపు, ఉప్పు కలిపి, ఆముదం పట్టించి, ఈ కత్తిరి ఎండలోనే ఎండబెడతారు. పొద్దున ఉండలు చుట్టి ఎండలో పెట్టి, సాయంత్రం తీసి, చిదిపి మళ్లీ కలిపి, మర్నాడు మళ్లీ చుట్టాలి. నల్లబడి గట్టిపడేదాకా రోజూ ఇదే పని. ఆ పైన ఏడాదైనా చెడిపోదు. మీన్ కుళంబు, అంటే వాళ్ల చేపల పులుసు తాళింపులో ఒక ఉండ చిదిపి వేస్తారు. మా అక్క పాతికేళ్లుగా వేస్తోందట. వేరుశెనగ నూనె కాదట, నువ్వుల నూనేనట.

నేను బావ వైపు చూశాను. ఆయన తల వంచుకున్నారు. "ఇది అత్తమ్మ పులుసు. మీ అక్కది కాదు. నీకు ఎలా చెప్పాలో తెలియలేదు" అన్నారు.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. అక్క పెళ్లయి వెళ్లినప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆ తర్వాత తను ఎప్పుడు నెల్లూరు వచ్చినా వంటింట్లో అమ్మ, నేను. కూర్చోబెట్టి తినిపించి పంపేవాళ్లం. నేను మద్రాసు వెళ్లినప్పుడు తను ఇడ్లీలు, పొంగల్, బీచ్ అని తిప్పేది. ఒకటి రెండుసార్లు తన పులుసు తిని, "ఇదేందక్కా, మనలా లేదు" అన్నది నేనే. ఆ తర్వాత నాకు పులుసు వండిపెట్టలేదు. ఎందుకు పెట్టట్లేదని నేను ఎప్పుడూ అడగలేదు.

బావ లేచి లోపలికెళ్లి, బీరువా మీద నుంచి స్టీలు డబ్బా దించారు. మూత తియ్యగానే గదంతా నిండింది ఆ వాసన. ఎండిన ఉల్లి, ఆముదం, ఇంగువకి దగ్గరగా ఏదో ఘాటు. నల్లటి ఉండలు, నిమ్మకాయంత. కొన్నిటి మీద వేళ్ల అచ్చు అలాగే ఉంది. కిందటి మే నెలలో అక్క చుట్టినవి.

"పదకొండు ఉన్నాయి" అన్నారు బావ. ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నారో. ఆగస్టు నుంచి డబ్బా తెరుస్తున్నారట, మూస్తున్నారట. ఆయనకి వంట రాదు. ఒకరికి ఇచ్చి వండించుకుందామంటే ఒకటి తగ్గిపోతుంది.

వెయ్యాలా వద్దా అని ముగ్గురం చాలాసేపు నిలబడ్డాం. నేను వద్దన్నాను. పక్కింటావిడ మాత్రం, అక్క దీన్ని దాచుకోవడానికి చెయ్యలేదు అంది గట్టిగా. బావే ఒక ఉండ తీసి నా అరచేతిలో పెట్టారు. దాన్ని చిదమడానికి నాకు చేతులు రాలేదు. పక్కింటావిడ నా చేతి మీద తన చెయ్యి వేసి నొక్కింది. నువ్వుల నూనె కాగాక వేస్తే చిటపటమని, క్షణంలో ఇంట్లో అక్క తిరుగుతున్నట్టు అయింది. ఆ తాళింపుని పులుసు మీద పోసి మూత పెట్టేశాం.

మర్నాడు పొద్దున ఇడ్లీలోకి, మధ్యాహ్నం అన్నంలోకి అదే. తలకాయ ముక్క అక్క ఫోటో ముందు ఆకులో పెట్టాం. రుచి ఎలా ఉందంటే, అమ్మ పులుసు ముందు తగులుతుంది, మామిడి పులుపుతో, మెంతి చేదుతో. మింగాక చివర్న ఆ ఎండిన ఉల్లి కమ్మదనం నిలబడుతుంది. బావ ఈసారి ఏమీ అనలేదు. మూడుసార్లు వడ్డించుకున్నారు. పుణె నుంచి అబ్బాయి వీడియో కాల్ చేస్తే ప్లేటు చూపించి, "ఒరే, అమ్మ పులుసు" అన్నారు.

మిగతా రెండు రోజులు ఏం చేశామో నాకు సరిగ్గా గుర్తులేదు. టి నగర్ వెళ్లాం, రంగనాథన్ వీధిలో జనంలో తోసుకుని ఏదో కొన్నాం. సాయంత్రాలు మేడ మీద కూర్చున్నాం. అక్కడ పక్కింటావిడ ఈ ఏటి వడగానికి చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. కిలోలకి కిలోలు. బావ ఒక పీట లాక్కుని కూర్చుని ఒలవడం మొదలుపెట్టారు. ఉల్లిపాయ ఎలా పట్టుకోవాలో కూడా రాదు ఆయనకి. ఆవిడ రెండుసార్లు చూపించింది. నేను ఆ పూట ఫోటో తీద్దామనుకుని, తీయకుండా దించేశాను.

దాక అక్కడే వదిలేసి వచ్చాను. అది ఇక ఆ ఇంట్లో ఉండాల్సిందే. వచ్చేటప్పుడు బావ టిఫిన్ బాక్సులో ఒక ఉండ పెట్టి ఇచ్చారు. వద్దంటే వినలేదు. "ఇంకా తొమ్మిది ఉన్నాయిలే" అన్నారు.

నెల్లూరు చేరాక ఫోన్ చేస్తే, మేడ మీద ఉన్నానన్నారు, కాకులు రాకుండా కాపలా కాస్తున్నారట. ఇంకో రెండు ఎండలు కావాలట. "కొత్తవాటిని వేరే డబ్బాలో పొయ్యమని ఆవిడతో చెప్పాను. మీ అక్కవాటిలో కలపొద్దని" అన్నారు.