దుంపల లోయలో లూయీస్ ఎర్డ్రిక్

"అమెరికా వచ్చినవాళ్లంతా నయాగరా అంటారు. నువ్వేంటక్కా, పుస్తకాల షాపు, దుంపల పొలాలు అంటావు!" అని మా తమ్ముడు ఒకటే నవ్వు. వాడుండేది మినియాపొలిస్ పక్కన ప్లిమత్‌లో. నవ్వితే నవ్వాడు కానీ, శనివారం పొద్దున్నే కారు తీశాడు.

ముందు షాపుకి వెళ్లాం. మినియాపొలిస్‌లో కెన్‌వుడ్ అనే పేటలో, ఇళ్ల మధ్య ఉంటుంది బర్చ్‌బార్క్ బుక్స్. నవలా రచయిత్రి లూయీస్ ఎర్డ్రిక్ 2001లో పెట్టారు. నలుగురు కస్టమర్లు వస్తే ఇరుకైపోయే చోటు. పైన పడవ వేలాడుతుంది. ఒక పక్క చర్చిలో పాపాలు చెప్పుకునే చెక్క గది ఉంది, పిల్లలు దాని చుట్టూ తిరుగుతున్నారు. అరల్లో ఎక్కువ భాగం అమెరికా ఆదివాసీ రచయితలవే. ఒజిబ్వే, డకోటా భాషలు నేర్చుకునే పుస్తకాలకి ప్రత్యేకంగా చోటుంది. కొన్ని పుస్తకాల కింద చేతిరాతతో చిన్న చీటీలు, ఇది ఎందుకు చదవాలో రెండు ముక్కలు.

2021లో వచ్చిన 'ద సెంటెన్స్' నవల ఈ షాపు కథే. అందరినీ విసిగించే ఓ కస్టమర్ చనిపోయి, దెయ్యమై మళ్లీ షాపుకే వస్తుంటుంది. కోవిడ్ లాక్‌డౌన్, ఇదే నగరంలో పోలీసు చేతిలో జరిగిన నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ హత్య కూడా కథలోకి వస్తాయి. ఓనరు లూయీస్ కూడా అందులో ఒక పాత్ర. అయితే రచయిత్రి తనకి పెద్ద వేషమేమీ ఇచ్చుకోలేదు, అప్పుడప్పుడు వచ్చి పోతుందంతే. అది నాకు భలే నచ్చింది. నవలంతా మోసేది కౌంటర్ దగ్గర పనిచేసే మనిషి.

అసలు ఎర్డ్రిక్ నాకు నచ్చడానికి కారణమే అది. ఆవిడ నవలల్లో మనుషులకి ఉద్యోగాలుంటాయి. ఏ షిఫ్టో, జీతమెంతో, చేతులు ఎక్కడ నొప్పెడతాయో తెలుస్తుంది. బాధపడడం తప్ప వేరే పనే లేని పాత్రలతో నిండిన నవలలు చదివీ చదివీ విసిగిపోయినదాన్ని నేను.

షాపు నుంచి ఎర్డ్రిక్ పెరిగిన ఊరికి బయల్దేరాం. నార్త్ డకోటాలోని వాపెటన్, మూడు గంటల దారి. కార్లో ఆవిడ నవల 'ద నైట్ వాచ్‌మన్' ఆడియో పెట్టాను. చదివింది ఎర్డ్రిక్కే. హడావుడి లేని గొంతు. అందులో కథానాయకుడికి మూలం వాళ్ల తాతగారు పాట్రిక్ గోర్నో. నార్త్ డకోటాలో కెనడా సరిహద్దుకి దగ్గరున్న టర్టిల్ మౌంటెన్ చిప్పెవా (ఒజిబ్వేలకే ఇంకో పేరు) తెగకి ఆయన చైర్మన్. రాత్రిళ్లు ఒక ఫ్యాక్టరీకి కాపలా. వాచీల్లో, యంత్రాల్లో వాడే సన్నని రాళ్లను అక్కడ ఆడవాళ్లు కళ్లు చికిలించుకుని తయారు చేసేవాళ్లు. 1953 ఆగస్టులో అమెరికా కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది. కొన్ని తెగలతో చేసుకున్న ఒప్పందాలకి స్వస్తి చెప్పి, వాటికి ప్రభుత్వ గుర్తింపే లేకుండా చేయాలని దాని సారాంశం. ఆ జాబితాలో టర్టిల్ మౌంటెన్ కూడా ఉంది. ఈ కాపలా మనిషి తన వాళ్లని కూడగట్టి వాషింగ్టన్ దాకా వెళ్లి వాదించాడు. తెగ నిలబడింది. అప్పట్లో ఆయన రాసిన ఉత్తరాలే నవలకి ఆధారం. దానికి 2021లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

"అంటే రాత్రి డ్యూటీ చేసి, పగలు తెగని కాపాడాడా?" అన్నాడు తమ్ముడు. వాడిదీ ఇండియా టైమింగ్స్‌తో రాత్రి మీటింగులుండే ఉద్యోగమే. అప్పటినుంచి ఆడియో శ్రద్ధగా విన్నాడు.

ఫెర్గస్ ఫాల్స్ దాటేదాకా చెరువులు, చెట్లు. తర్వాత నేల ఒక్కసారిగా చదునైపోయింది. వేల ఏళ్ల కిందట ఇక్కడ అగాసిజ్ అనే మహా సరస్సు ఉండేదట. అది ఎండిపోయి వదిలిన నల్లమట్టి ఇది. ఈ రెడ్ రివర్ లోయే ఇప్పుడు అమెరికాలో షుగర్ బీట్ అందరికంటే ఎక్కువగా పండించే ప్రాంతం. బీట్ అంటే మనం కూర వండుకునే ఎర్ర దుంప కాదు, చక్కెర తీసే దుంప. తెల్లగా, కోసుగా, మట్టి కొట్టుకుని ఉంటుంది. మేం వెళ్లింది అక్టోబరులో, కోతలప్పుడు. ముందు ఒక యంత్రం ఆకు కొట్టేస్తుంది, వెనకాల ఇంకోటి దుంప లేపుతుంది. ట్రక్కులు రాత్రీ పగలూ తోలుతూనే ఉంటాయి. రోడ్డు పక్కన దుంపల గుట్టలు ఇంటి ఎత్తున పోసి ఉన్నాయి. చలికి అవే గడ్డకట్టి నిలవుంటాయి, చలికాలమంతా ఫ్యాక్టరీ ఆడుతూనే ఉంటుంది.

అనకాపల్లి దగ్గర చెరకు రైతుల ఇంట్లో పుట్టినదాన్ని. వాపెటన్‌లో రైతులే యజమానులుగా నడిచే సహకార చక్కెర ఫ్యాక్టరీ ముందు ట్రక్కుల వరస చూసి కాసేపు కారు దిగలేకపోయాను. మా దగ్గరి సహకార ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. బళ్ల మీద చెరకుతో తూకం కోసం మా నాన్న పడ్డ పడిగాపులు గుర్తొచ్చాయి.

ఎర్డ్రిక్ 1954లో మిన్నెసోటాలోని లిటిల్ ఫాల్స్‌లో పుట్టినా పెరిగింది ఈ వాపెటన్‌లోనే. నాన్న జర్మన్ మూలాలవాడు, అమ్మ ఒజిబ్వే, ఫ్రెంచ్ కలిసిన కుటుంబం. ఇద్దరూ ఇక్కడి ఆదివాసీ పిల్లల ప్రభుత్వ హాస్టల్ స్కూల్లో టీచర్లు. ఏడుగురు పిల్లల్లో ఈవిడే పెద్ద. కథ రాస్తే నాన్న కథకో నికెల్, అంటే 5 సెంట్లు, ఇచ్చేవాడు. అమ్మ అట్టలు కట్టేది. కాస్త పెద్దయ్యాక ఈ బీట్ పొలాల్లోనే కలుపు తీసింది. ఆ చేత్తోనే 1986లో 'ద బీట్ క్వీన్' రాసింది. మళ్లీ 2024లో 'ద మైటీ రెడ్'. అందులో తల్లి పాత్ర రాత్రిళ్లు బీట్ ట్రక్కు తోలుతుంది. మా ముందు వెళ్తున్న ట్రక్కుని చూశాక ఆ పేజీలు ఇంకా బాగా అర్థమయ్యాయి.

ఊరి అవతల బ్రెకెన్‌రిడ్జ్ దగ్గర రెండు నదులు కలిసి రెడ్ రివర్ అవుతుంది. ఉత్తరానికి, కెనడా వైపు పారుతుంది. చూడ్డానికి మామూలు కాలవే. వాపెటన్‌లో 40 అడుగుల పొడవున్న క్యాట్‌ఫిష్ బొమ్మ కూడా ఉంది. తమ్ముడు ఫోటోలు తీసింది దానికే.

1972లో, డార్ట్‌మత్ కాలేజీ మొదటిసారి ఆడపిల్లల్ని చేర్చుకున్న ఏడాది, ఎర్డ్రిక్ అక్కడ చేరింది. మొదటి నవల 'లవ్ మెడిసిన్' 1984లో వచ్చి నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డు తెచ్చుకుంది. అక్కడితో వదిలిపెట్టకుండా 1993లోనూ 2009లోనూ దాన్ని మళ్లీ సవరించి వేసింది. రచయిత మైకేల్ డోరిస్‌తో పెళ్లి, కలిసి రాయడం, విడిపోవడం, 1997లో ఆయన ఆత్మహత్య, వీటి మీద పత్రికలు చాలా రాశాయి. ఆ గోల నాకు అక్కర్లేదు. నాకు గుర్తుండేది 2007 సంగతి. నార్త్ డకోటా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇస్తామంటే, మీ ఆటల జట్టుకి ఆదివాసీల పేరు తగిలించుకున్నారు కాబట్టి నాకొద్దు అంది. ఆ పేరుని యూనివర్సిటీ 2012లో తీసేసింది.

టర్టిల్ మౌంటెన్‌కి మాత్రం వెళ్లలేదు. అది ఇంకా చాలా ఉత్తరాన ఉంది, తమ్ముడికి సోమవారం ఆఫీసు. ఎర్డ్రిక్‌ని కొత్తగా చదవాలనుకునేవాళ్లకి 'లవ్ మెడిసిన్' ఇవ్వను, అందులో పాత్రలెక్కువ, చుట్టరికాలు తికమక పెడతాయి. 2012లో నేషనల్ బుక్ అవార్డు వచ్చిన 'ద రౌండ్ హౌస్' ఇస్తాను. తల్లి మీద జరిగిన దాడికి న్యాయం వెతికే 13 ఏళ్ల కుర్రాడి కథ. నేరం ఎవరి భూమి మీద, తెగదా రాష్ట్రానిదా, జరిగిందో తేలకపోతే కేసే నడవదని అందులో తెలుస్తుంది. మా తమ్ముడు ఇప్పుడు అదే చదువుతున్నాడు, సగానికొచ్చాడట.