టీచర్ డైరీ చివరి పేజీల్లో బీజాపూర్ రోడ్డు

ఈరోజు బడికి నలభై నిమిషాలు లేటు. బస్సులోంచే హెచ్ఎం గారికి ఫోన్ చేశాను. "మళ్లీ రోడ్డు పనేనా అమ్మా?" అన్నారు. అవునన్నాను. ఆయన వచ్చేదీ ఈ దారినే కాబట్టి ఇంకేమీ అడగలేదు. మొదటి పీరియడ్ తను చూసుకుంటానని పెట్టేశారు.

హైదరాబాద్ మెహిదీపట్నంలో పొద్దున్నే తాండూరు బస్సు ఎక్కుతాను. అప్పా జంక్షన్ వరకు సిటీయే. అక్కణ్ణుంచి మన్నెగూడ దాకా నలభై ఆరు కిలోమీటర్లు. కాగితాల్లో అది 163వ నంబరు జాతీయ రహదారి. మా బస్సులో ఆ నంబరుతో ఎవరికీ పనిలేదు. అందరికీ అది బీజాపూర్ రోడ్డే. పేరుకు జాతీయ రహదారి గానీ, పోను ఒక వరస, రాను ఒక వరస. తాండూరు నుంచి నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు, కంకర టిప్పర్లు, చేవెళ్ల క్యారెట్, టమాటా తెచ్చే ఆటోట్రాలీలు, మా బస్సులు, బైకులు, అన్నీ ఆ రెండు వరసల్లోనే. దీన్ని నాలుగు వరసలు చేయడానికి 2022లో శంకుస్థాపన జరిగింది. 2024 బదిలీల్లో నాకు ఇటువైపు బడి వచ్చినప్పుడు, "రోడ్డు అయిపోతుంది లెండి, గంటలో పోతారు" అని అందరూ ధైర్యం చెప్పారు.

అప్పటినుంచి టీచర్ డైరీ చివర ఉండే ఖాళీ పేజీల్లో ఈ రోడ్డు సంగతులు రాసుకుంటున్నాను. పెద్ద రాతలేం కావు. కిటికీలోంచి కనిపించింది ఒక వాక్యం. "కనకమామిడి దగ్గర కరెంటు స్తంభాలు వెనక్కి జరిపారు." "తోల్‌కట్ట గేటు దగ్గర ఎడమవైపు పొదలు కొట్టేశారు." "ఏమీ లేదు." ఈ 'ఏమీ లేదు' అన్న మాట పేజీలకు పేజీలు ఉంది. అందుకే ఇప్పుడు ఒక తట్ట మొరం పడినా నాకు రాసుకోబుద్ధేస్తుంది.

ఈరోజు చేవెళ్ల ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా బస్సు ఆగింది. ముందు ఒక ట్రెయిలర్ మీంచి రోలర్ దింపుతున్నారు, అది రోడ్డుకు అడ్డంగా ఉంది. కదిలేలా లేదని డ్రైవర్ ఇంజను ఆపేశాడు. నాతో పాటు పదిమంది దిగారు. రోడ్డుకు కుడిపక్క, పాత రోడ్డు అంచు నుంచి కొత్తగా మట్టి పోసి ఎత్తు లేపుతున్నారు. ఆ చదునైన మట్టి మీద ఇద్దరు కుర్రాళ్లు గొంతు కూర్చుని ఏదో తవ్వుతున్నారు. జేసీబీలు, టిప్పర్లు అంతంత పని చేస్తుంటే వీళ్లు ఉలి, చిన్న సుత్తి పట్టుకుని తవ్వడం వింతగా అనిపించి దగ్గరికి వెళ్లాను.

మధ్యలో రంధ్రం ఉన్న ఒక ఇనుప పళ్లెం నేల మీద పెట్టారు. ఆ రంధ్రం కొలతకే మట్టిని జానెడు లోతు తవ్వి, ఒక్క రేణువు కూడా బయట పడకుండా చెంచాతో ఎత్తి కవర్లో వేస్తున్నారు. చివర్లో బ్రష్షుతో గుంటను ఊడ్చారు. కవరును తూకం వేశారు. ఆ తర్వాత ఒక పొడవాటి డబ్బా తెచ్చి గుంట మీద నిలబెట్టి, కింద ఉన్న మర తిప్పారు. డబ్బాలోంచి సన్నటి, పొడి ఇసుక గుంటలోకి జారింది. ఆగిపోయాక మర బిగించి, మిగిలిన ఇసుకను మళ్లీ తూచారు.

"ఏం చూస్తున్నారు తమ్ముడూ?" అని అడిగాను.

"డెన్సిటీ మేడం. మట్టి ఎంత గట్టిగ కూసున్నదో చూస్తున్నం."

నేను లెక్కల టీచర్ని. అతను ఇంకో ముక్క చెప్పకముందే అర్థమైపోయింది. గుంట వంకరటింకరగా ఉంటుంది, స్కేలు పెట్టి ఘనపరిమాణం కొలవలేం. ఇసుక అయితే ఏ మూలకైనా పోతుంది. ఎంత ఇసుక పట్టిందో తూస్తే గుంట ఎంతో తెలుస్తుంది. తవ్విన మట్టి బరువును దాంతో భాగిస్తే సాంద్రత. అందులోంచి తడి తీసేయాలి కదా అని అడిగితే, అతను నవ్వి ఒక చిన్న ఇనుప సీసా చూపించాడు. కొంచెం మట్టి, కొంచెం కార్బైడ్ పొడి వేసి మూత బిగించి గిలక్కొట్టాడు. లోపల గ్యాస్ పుట్టి సీసా అడుగున ఉన్న ముల్లు కదిలింది. అది ఎంత తిరిగితే మట్టిలో అంత తడి ఉన్నట్టు.

"ఎంత రావాలి?"

"ఈ లేయర్ డాంబర్ రోడ్డు కిందికి వచ్చేది మేడం. ఇదే మట్టిని ల్యాబ్‌ల గట్టిగ దంచితె వచ్చిన డెన్సిటీల తొంభై ఏడు పర్సెంట్ కంటె తక్కువ కావొద్దు."

ఫోన్లో లెక్క కట్టాడు. పక్కనే నిలబడి నేనూ కట్టాను. తొంభై ఆరున్నర వచ్చింది. అర శాతమే తక్కువ. అతను లేచి, దూరంగా ఉన్న రోలర్ డ్రైవర్‌కి చేయి గిరగిర తిప్పి చూపించాడు. "మళ్ల నీళ్లు కొట్టి తిప్పుడే" అన్నాడు.

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. వెనక వందల బండ్లు ఆగి ఉన్నాయి, హారన్లు మోగుతున్నాయి. అయినా ఆ కుర్రాడు అర శాతాన్ని వదిలిపెట్టలేదు. కింది మట్టి సరిగ్గా కూర్చోకపోతే పైన ఎంత నున్నగా డాంబర్ వేసినా రెండు వానలకు కుంగుతుంది. కుంగినచోట నీళ్లు నిలిచి గుంత పడుతుంది. ఆ గుంత తప్పించబోయి బైకతను పక్కకు కోస్తాడు, ఎదురుగా టిప్పర్ ఉంటుంది. ఇది ఊహించి రాస్తున్నది కాదు. ఈ దారిన రోజూ తిరిగేవాళ్లం, మాకు ఏ గుంత ఎక్కడుందో కూడా తెలుసు.

2025 నవంబరు 3 పొద్దున మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ వచ్చి ఆర్టీసీ బస్సును గుద్దింది. తాండూరు నుంచి సిటీకి వస్తున్న బస్సు. కంకర మొత్తం బస్సులోకి పడింది. పందొమ్మిది మంది పోయారు. ఆదివారం ఇంటికెళ్లి సోమవారం కాలేజీకి తిరిగి వస్తున్న పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. నేను ఆ వేళకు ఎదురుదిశలో వస్తున్న బస్సులో ఉన్నాను, చేవెళ్లకు ముందే ఆపేశారు. ఏం జరిగిందో తెలియక గంట కూర్చున్నాం. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్లు రావడం మొదలైంది. అమ్మ ఫోన్ చేసి నా గొంతు విని ఏమీ మాట్లాడకుండా పెట్టేసింది. అప్పటినుంచి డ్రైవర్ వెనక వరసలో కూర్చోవడం మానేశాను. నేనే కాదు, మా బస్సులో రోజూ వచ్చే ఆడవాళ్లు చాలామంది ఎడమవైపు నిండాకే కుడివైపు కూర్చుంటారు. దాని గురించి ఎవరం మాట్లాడుకోం.

రోలర్ పక్కకు జరిగాక బస్సు కదిలింది. బడికి చేరేసరికి రెండో పీరియడ్, తొమ్మిదో తరగతి. ఘనపరిమాణాల పాఠమే నడుస్తోంది. పుస్తకం తెరవకుండా ఇసుక కథ చెప్పాను. ఒక గులకరాయి ఇచ్చి దీని ఘనపరిమాణం ఎంత అంటే, వెనక బెంచీవాళ్లు నీళ్లలో ముంచుదామన్నారు. మరి గుంట అయితే? నీళ్లు పోస్తే ఇంకిపోతాయి కదా? కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకడు "బియ్యం పోద్దాం మేడం" అన్నాడు. ఆ మాటకు వాణ్ణి దగ్గరికి పిలిచి వీపు తట్టాను. గ్రౌండ్లోకి వెళ్లి రెండు గుంటలు తవ్వి, మధ్యాహ్న భోజనం వండేచోట తరాజు అడిగి తెచ్చుకుని, ఇసుకతో కొలిచాం. గట్టి నేలది, తోట పక్క గుల్ల నేలది. తేడా పిల్లలే లెక్క కట్టారు. ఈ ఏడాది నేను చెప్పిన పాఠాల్లో ఇంతగా వాళ్లకు పట్టింది ఇంకోటి లేదు.

గంట కొట్టాక ఒక అమ్మాయి నా వెనకే స్టాఫ్ రూం దాకా వచ్చింది. ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. చేవెళ్ల ఊళ్లోంచి కాకుండా బయటినుంచి కొత్త బైపాస్ వస్తోంది, మొయినాబాద్‌కీ అలాగే. వీళ్ల పొలంలో కొంత ఆ బైపాస్ కింద పోతోందని నాకు ముందే తెలుసు.

"మేడం, మా బాయి గూడ రోడ్డులకే పోతున్నది. బాయిల మట్టి పోసినంక గూడ గిట్లనే తూకం చూస్తరా?"

వాళ్ల తాత తవ్వించిన బావి అట. ఇప్పుడు బోరు ఉంది, బావిలో నీళ్లు వానాకాలంలోనే ఉంటాయి, అయినా అందులోనే తను ఈత నేర్చుకుందట. చూడాలమ్మా, తప్పకుండా చూడాలి, అన్నాను. మామూలు నేల కంటే బావి పూడ్చినచోటే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఒక్కసారే మట్టి కుమ్మరించకూడదు, పొర పొరగా పోసి గట్టి చేయాలి, లేకపోతే సరిగ్గా అక్కడే కుంగుతుంది. తలూపి వెళ్లిపోయింది. పరిహారం గురించి, పొలం గురించి ఇంట్లో పెద్దవాళ్లు ఎన్ని మాట్లాడుకుంటున్నారో. ఆ పిల్ల మాత్రం బావి సరిగ్గా పూడుస్తారా అని అడిగింది.

సాయంత్రం బస్సులో సీటు దొరికింది. మర్రిచెట్ల వరస మొదలైనచోట కిటికీ దగ్గర ఉండటం నాకు ఇష్టం. ఈ రోడ్డు పొడవునా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయి. నిజాం కాలంలో నాటారని చెప్పుకుంటారు. మొదళ్లకు సున్నం, జాజు పట్టీలు, వాటి మీద రేడియం ముక్కలు, తెల్ల రంగుతో నంబర్లు. ఎండాకాలం అప్పా జంక్షన్ దాకా ఉడికిపోయిన బస్సు, ఈ చెట్ల కింద దూరగానే చల్లబడుతుంది. పైన కొమ్మలు రెండువైపులా కలిసిపోయి, లారీల ఎత్తుకు సరిగ్గా కోసినట్టు ఉంటాయి. రోడ్డువైపు వేలాడే ఊడలు బండ్లు తగిలి తెగిపోతూ ఎప్పటికీ కురచగానే ఉంటాయి. అదే చెట్టుకు చేనువైపు ఊడలు నేలలో దిగి స్తంభాల్లా నిలబడ్డాయి. మొన్న పిల్లలతో బడికి దగ్గర్లో ఉన్న ఒక చెట్టు మొదలు కొలిపించాను. టేపు చాలక రెండు టేపులు కలపాల్సి వచ్చింది.

నా వెనక సీట్లో ఒక పెద్దాయన పక్కనతనితో గట్టిగా అంటున్నాడు. "ఈ చెట్లోళ్లు కోర్టుకు పోకుంటే రోడ్డు ఎప్పుడో అయ్యేది. అంతమంది బతికేటోళ్లు." నవంబరు నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. ప్రమాదం జరిగిన వారంలో ఎవరైనా అంటే నోరు మెదపలేకపోయేదాన్ని. నా కడుపులోనూ అదే భయం ఉండేది. ఈరోజు వెనక్కి తిరిగి మాట్లాడాను.

చెట్ల కోసం హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లినవాళ్లు రోడ్డు వద్దనలేదు పెద్దాయనా, అన్నాను. రోడ్డు వేయండి, చెట్టు కొట్టకుండా వేసే దారి చూడండి అన్నారు. చూస్తే దారి దొరికింది. డిజైన్ మార్చి, చాలా చెట్లను ఉన్నచోటనే ఉంచి, తప్పనిసరి అయినవాటిని పెకలించి వేరేచోట నాటుతామని ఒప్పుకున్నారు. ప్రమాదానికి కొద్ది రోజుల ముందే అక్కడ అడ్డు తొలగింది. ఆ దారేదో మొదటి రోజే వెతికి ఉంటే ఇన్నేళ్లు పోయేవి కావు. ఎదురెదురు బండ్లకు మధ్య ఏమీ లేకపోవడం వల్ల జనం పోయారు. ఓవర్‌లోడు, స్పీడు, గుంతలు, చీకటి, వీటివల్ల పోయారు. ఆలూరు గేటు దగ్గర 2024 డిసెంబరులో కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ వచ్చిందే, వాళ్లు కూర్చోవడానికి రోడ్డు అంచు తప్ప ఇంకో జాగా ఉందా? కొత్త రోడ్డులో వాళ్లకు జాగా చూపించాలని కూడా మనమే అడగాలి.

నా గొంతు వణికింది. కండక్టర్ కూడా టికెట్లు కొట్టడం ఆపి ఇటు చూసింది. పెద్దాయన కాసేపు కిటికీ బయటికి చూసి, "మా మనవడు గూడ గీ బస్సులనే పోతడు బిడ్డా, గందుకే అంటున్న" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. నేను కోరుకునేదీ అదే అని చెప్పి ఆయన పక్కన ఖాళీ అయితే వెళ్లి కూర్చున్నాను. ఆయన మనవడు డిగ్రీ రెండో సంవత్సరమట. అప్పా జంక్షన్ దాకా వాడి గురించే చెప్పాడు.

ఇల్లు చేరేసరికి ఏడున్నర. అన్నం తిని డైరీ తీశాను. ఈరోజుది ఒక్క వాక్యంలో సరిపోలేదు.

"చేవెళ్లకు ముందు కుడివైపు మట్టి పొర. డెన్సిటీ 96.5, మళ్లీ రోలర్. సాయంత్రం వచ్చేటప్పుడు చూస్తే అదే చోట నీళ్ల ట్యాంకర్ తిరుగుతోంది. రేపు ఆ కుర్రాడు కనబడితే అడగాలి: బైపాస్ మీద పూడ్చే బావుల్లో ఎంత మందం పొరలు పోస్తారు, ఒక్కో పొరకూ తూకం చూస్తారా. అడిగి పిల్లకు చెప్పాలి."