ఒక్క క్లిక్ హారిస్

పిట్స్‌బర్గ్ వెళ్లిన తెలుగువాళ్లు ముందు పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికే వెళ్తారు. మేమూ అంతే. దర్శనమై, క్యాంటీన్‌లో పులిహోర తిన్నాక అన్నయ్య మమ్మల్ని కార్నెగీ ఆర్ట్ మ్యూజియంకి తీసుకెళ్లాడు. వదిన పెయింటింగుల వైపు వెళ్లింది. నేను టీనీ హారిస్ ఫొటోల దగ్గర ఆగిపోయాను.

అసలు పేరు చార్లెస్ హారిస్. ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ అనే నల్లజాతివారి వారపత్రికకి 1930ల నుంచి 1970ల దాకా ఫొటోలు తీశాడు. నగరం పెద్దదే కానీ ఆయన పుట్టి పెరిగిన హిల్ డిస్ట్రిక్ట్ దానిలో ఒక చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ ఊరు ఎలా బతికిందో అంతా ఇక్కడుంది: పెళ్లిళ్లు, చర్చి విందులు, బేస్‌బాల్ జట్లు, బార్లో కబుర్లు. జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ లాంటి వాళ్లూ ఉన్నారు కానీ, నాకు నచ్చింది బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కున్న ఓ బుడ్డోడు. కెమెరా పట్టుకున్నది తెలిసిన మనిషే అన్న ధీమా వాడి మొహంలో కనిపిస్తుంది.

హారిస్‌కి ‘వన్ షాట్’ అని పేరు పెట్టింది మేయర్ డేవిడ్ లారెన్స్. మిగతావాళ్లు ఇంకొకటి, ఇంకొకటి అని సతాయిస్తుంటే, ఈయన ఒక్కటి నొక్కి వెళ్లిపోయేవాడట. పొద్దున గుడి గోపురం ముందు వదిన మమ్మల్ని ఎన్నిసార్లు నవ్వించిందో తలుచుకుంటే నాకు ఈర్ష్యే కలిగింది.

ఆయన 1998లో పోయాడు. 2001లో మ్యూజియం దాదాపు 80 వేల నెగెటివ్‌లు కొన్నది. చాలావాటికి పేర్లు లేవు. అందుకని పేటలోని పెద్దవాళ్లకి చూపించి, ఎవరెవరో అడిగి రాసుకున్నారు. ఫొటోల్లో కొన్ని వీధులకైతే అడగడానికి ఇళ్లే మిగల్లేదు. 1956లో హిల్ డిస్ట్రిక్ట్ దిగువ భాగాన్ని కూల్చడం మొదలుపెట్టి సుమారు 8 వేల మందిని ఖాళీ చేయించారు. ఆ చోట 1961లో సివిక్ అరీనా అనే ఇండోర్ స్టేడియం తెరిచారు, అర్ధ శతాబ్దం తర్వాత దాన్నీ పడగొట్టారు.

తిరుగు దారిలో, ఆ కూల్చిన చోటు అంచున ఉన్న క్రాఫర్డ్ వీధి మూల చూద్దామన్నాను. చర్చి పైన చేతులు చాచి నిలబడ్డ సెయింట్ బెనెడిక్ట్ విగ్రహం దూరం నుంచే కనిపించింది. ‘‘ఇక్కడ పార్కింగ్ దొరుకుతుందంటావా?’’ అని అన్నయ్య టెన్షన్ పడ్డాడు. అరీనా పోయాక ఆ స్థలంలో చాలా భాగం ఏళ్ల తరబడి పార్కింగేనని చెబితే వదిన నవ్వబోయి ఊరుకుంది.