నాలుగు మెతుకులంటే ఎన్ని?

గుంటూరు చుట్టుగుంట దగ్గర మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న ఆఫీసులో పదకొండేళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నాను. ఉత్తరాలంటే ఇప్పుడు ఈమెయిళ్ళే. ఆఫీసులో ఇంగ్లీషు బాగా వచ్చింది నాకేనని పేరు. పోయిన మార్చిలో ఆ పేరు కాస్త మసకబారింది.

లండన్ వ్యాపారికి తేజ రకం మిర్చి, 25 కిలోల బస్తాలు 560 పంపాం. చేరిన సరుకులో ‘క్వైట్ ఎ ఫ్యూ’ బస్తాలకు చెమ్మ తగిలిందని ఆయన రాశాడు. ‘ఫ్యూ’ అంటే కొద్ది, ‘క్వైట్’ అంటే బాగా. రెండూ కలిపి ‘బాగా కొద్ది’ అని లెక్కగట్టి, “ఏవో ఒకటో రెండో తడిశాయటండీ” అని మా షావుకారు గారికి చెప్పి టీ తాగడానికి వెళ్ళాను. మూడో రోజు ఫోటోలతో సహా వివరం వచ్చింది. 96 బస్తాలు! షావుకారు గారు ఆ అంకె వైపు, తర్వాత నా వైపు చూశారు. ఏమీ అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ మాటకు అర్థం ‘చాలానే’ అట. మనం ‘తక్కువేం కాదు’ అన్నట్టు. గుంటూరులో దోమలు తక్కువేం కాదంటే దోమతెర తెచ్చుకొమ్మనే కదా.

అప్పటి నుంచి వాళ్ళ ఉత్తరాలను బియ్యంలో రాళ్ళేరినట్టు చదువుతున్నాను. ‘ఫ్యూ’ ముందు ‘ఎ’ లేకపోతే అది నిట్టూర్పు, కొద్దిమందే వచ్చారని. ‘ఎ’ చేరితే ఊరట, కొందరైనా వచ్చారని. వాళ్ళు ముందు ఒక అక్షరం పెట్టి తేల్చే పనిని మనం చివర ‘ఏ’తో కానిచ్చేస్తాం. ఇక ‘కపుల్’. నిఘంటువులో అది జంట, రెండు. ‘కపుల్’ వారాల్లో డబ్బు పంపుతానన్న పెద్దమనిషి నాలుగో వారంలో పంపాడు. అడిగితే, ఆ మాటను అంత బిగించి పట్టుకోకూడదన్నాడు. బ్యాంకు వాళ్ళతో మేమూ అదే అనగలిగితే ఎంత హాయి!

డజను అయినా నికరమైన మాట అనుకున్నాను. అదీ కాదు. వాళ్ళకు ‘రొట్టెలవాడి డజను’ ఒకటుంది, అంటే 13. ఇంగ్లండులో 1266 నాటి చట్టం గోధుమల ధరను బట్టి రొట్టె తూకాన్ని నిర్ణయించింది, తగ్గితే శిక్ష. ఆ భయంతో డజనుకు ఒకటి ఎక్కువ వేసేవారని చెబుతారు. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మా అమ్మకు ఏ చట్టమూ అక్కర్లేదు. డజను అరటిపళ్ళు కొని, “కొసరేదయ్యా?” అంటూ చేయి చాపి నిలబడుతుంది. పదమూడోది సంచిలో పడేదాకా అక్కడి నుంచి కదలదు.

ఇంగ్లీషు వాళ్ళను ఇలా ఆడిపోసుకుంటూ పోయిన ఆదివారం అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడ, “నాలుగు మెతుకులు తిని వెళ్ళమ్మా” అంటూ కంచం నిండా అన్నం పెట్టి, గోంగూర కలిపింది. నాలుగు రోజులుండి పొమ్మంది. వీధిలో గట్టిగా మాట్లాడితే నలుగురూ వింటారంది. ఆ నలుగురి పేర్లు చెప్పమన్నాను. “నీకు నాలుగక్షరాలు నేర్పించినందుకు నాకు ఇదా?” అని మజ్జిగ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టింది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే షావుకారు గారు, “సరుకు నాలుగైదు రోజుల్లో ఓడ ఎక్కుతుందని రాయమ్మా” అన్నారు.

“నాలుగా, ఐదా అండీ?”

ఆయన కళ్ళజోడు తీసి కాసేపు తుడుచుకున్నారు. “వారం పైనే పట్టవచ్చు” అన్నారు చివరికి. పన్నెండో రోజు తేదీ వేసి పంపాను.