పన్నెండేళ్ల వాడి చేతికి సెలవెప్పుడు?

ఆగస్టు ట్రైఅవుట్స్‌లో, అంటే ఎంపిక పరీక్షల్లో, మా పన్నెండేళ్ల అబ్బాయికి ఒక పేరున్న ట్రావెల్ టీమ్‌లో (ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే బేస్‌బాల్ జట్టు) చోటు దొరికింది. ఇక్కడ అమెరికాలో బేస్‌బాల్ ఆడే పిల్లలున్న ఇళ్లలో ఈ గొడవ మామూలే. ఊరి రెక్ లీగ్‌లో (స్థానిక పిల్లలందరూ ఆడే లీగ్) కాస్త బాగా ఆడుతున్నాడనగానే ఎవరో ఒకరు "వీడు ఇక్కడ ఉండాల్సినవాడు కాదండీ" అంటారు, అక్కణ్ణుంచి మొదలవుతుంది టెన్షన్. ఆదివారం రాత్రిలోగా అవునో కాదో చెప్పమన్నారు. తెలిసినవాళ్లని అడిగితే అందరిదీ ఒకటే మాట, "ఇలాంటి ఛాన్స్ మళ్లీ వస్తుందా, చేర్పించేయండి" అని.

ఫీజు, ప్రయాణాల సంగతి మా ఆయన, నేను ఒక్క సాయంత్రంలో తేల్చేశాం. ఖర్చు ఎక్కువే. వారాంతాలు టోర్నమెంట్లకి పోతాయి. చాలా టోర్నమెంట్లలో స్టే టు ప్లే అంటారు, అంటే నిర్వాహకులు చెప్పిన హోటల్లోనే దిగాలి, చుట్టాలిల్లు పక్కనే ఉన్నా సరే. మా చిన్నమ్మాయికి కూడా ఆ వారాంతాలు పోయినట్టే. కష్టమే కానీ సర్దుకోవచ్చు అనుకున్నాం.

కాలేజీ స్కాలర్‌షిప్ మాట మాత్రం పక్కన పెట్టేయమని గట్టిగా చెప్తాను. 2024-25 వరకు డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) బేస్‌బాల్ జట్టుకి మొత్తం 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పాతికమందికి పైగా పంచేవాళ్లు. ఇప్పుడు ఒక కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయింది, దాని బదులు జట్టులో 34 మందికి మించకూడదని పెట్టారు. చోటు ఇంకా ఇరుకైంది. పన్నెండేళ్ల వాణ్ణి చూసి అక్కడిదాకా లెక్కలు వేయడం నాకు నచ్చదు, ఈ వయసులో ఒకడికి మీసం మొలుస్తుంటే పక్కవాడికి ఇంకా పాలపళ్లు ఊడుతుంటాయి. పైగా ఇప్పుడు వాడు పిచ్ చేసేది, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేది, 46 అడుగుల నుంచి. నాలుగేళ్లలో అది 60 అడుగుల 6 అంగుళాలవుతుంది, బేస్‌ల (పరిగెత్తి చేరాల్సిన చోట్ల) మధ్య దూరం 60 నుంచి 90 అడుగులవుతుంది. ఆ మైదానం మీద ఎవరు నిలుస్తారో ఇప్పుడే చెప్పగలిగేవాళ్లెవరూ లేరు.

నన్ను నిద్రపోనివ్వంది చేతి సంగతి. మావాడు పిచ్చర్ (బంతి విసిరేవాడు), జట్టులో అవసరమైతే క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) కూడా. రెక్ లీగ్‌లో ప్రతి బంతికీ లెక్క ఉంటుంది. నేను బ్లీచర్స్‌లో (ప్రేక్షకుల మెట్ల మీద) కూర్చుని బంతులు లెక్కపెట్టే క్లిక్కర్ నొక్కుతుంటాను, డగౌట్‌లో (ఆటగాళ్లు కూర్చునే చోట) స్కోర్ రాసే ఆయన లెక్కా నా లెక్కా ఇన్నింగ్స్ ఇన్నింగ్స్‌కీ సరిచూసుకుంటాం. పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ నిబంధనల ప్రకారం 11, 12 ఏళ్ల పిల్లలు రోజుకి 85 పిచ్‌లు మించకూడదు, 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు పిచ్చింగ్ మానాలి, 41 వేసినవాడు ఆ రోజు ఇక క్యాచర్‌గా కూర్చోకూడదు. క్యాచర్ ప్రతి బంతినీ తిరిగి విసరాలి కదా, అందుకని. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్, జాతీయ సంస్థ యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అని మార్గదర్శకాలు తెచ్చాయి. 9 నుంచి 12 ఏళ్ల వాళ్లకి ఏడాదికి 80 ఇన్నింగ్స్ మించొద్దని, ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పోటీ పిచ్చింగ్ ఆపాలని, అందులో రెండు మూడు నెలలు వరసగా చెయ్యెత్తి విసరడమే ఉండకూడదని అందులో ఉంది.

ఇదంతా చాదస్తంగా పెట్టిన రూలు కాదు. ఈ వయసులో మోచేతి లోపలి వైపు ఎముక చివర ఇంకా పెరుగుతూనే ఉంటుంది, గట్టిపడదు. గట్టిగా విసిరిన ప్రతిసారీ లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) ఆ మెత్తని చోటునే లాగుతుంది. పెద్దయ్యాక ఆ లిగమెంటే తెగుతుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచ్చర్‌కి చేసిన ఆపరేషన్ దానికే, ఇప్పటికీ దాన్ని టామీ జాన్ ఆపరేషన్ అనే పిలుస్తారు. ఆ ఆపరేషన్ తర్వాత కూడా ఆడి, గొప్ప ఆటగాళ్లకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరిన పిచ్చర్ జాన్ స్మోల్ట్స్, 2015లో ఆ సన్మాన వేదిక మీదే తల్లిదండ్రులకి చెప్పాడు, పిల్లల చేత ఏడాది పొడుగునా బేస్‌బాల్ ఆడించొద్దని. పిచ్చర్ కుమార్ రాకర్‌ని మన ఇళ్లలో చాలామంది ఇష్టంగా చూస్తారు, వాళ్లమ్మ భారతీయ మూలాలున్నావిడ కదా. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున 19 స్ట్రైకౌట్లతో (బ్యాటర్లని పిచ్చరే అవుట్ చేయడం) నో హిట్టర్, అంటే ఒక్క హిట్ కూడా ఇవ్వని గేమ్, వేసిన కుర్రాడు. 2021లో మేజర్ లీగ్ జట్టు మెట్స్ కొత్త ఆటగాళ్ల ఎంపికలో (డ్రాఫ్ట్) పదో నంబరుగా ఎంచుకుని, మెడికల్ రిపోర్టులు చూశాక ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడాది ఇంకో జట్టు రేంజర్స్ మూడో నంబరుగా తీసుకుంటే, 2023లో టామీ జాన్ ఆపరేషన్ అయింది, 2024 సెప్టెంబరులో గానీ మేజర్ లీగ్‌లో మొదటి బంతి వేయలేదు. చిన్నప్పటి ఆటే దానికి కారణమని నేననను, నాకా అర్హత లేదు. కానీ అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి చేతికే ఇలా అవుతుంటే, మావాడి మోచెయ్యి చూసి నాకు భయం వేస్తుంది.

అందుకే కోచ్‌కి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగాను. ఒకే వారాంతంలో నాలుగైదు గేములుంటే ఎవరి చెయ్యి ఎంత వాడారో ఎవరు రాస్తారు? బుల్‌పెన్‌లో (గేమ్ బయట పిచ్చింగ్ సాధన చేసే చోట), ప్రైవేట్ లెసన్లలో విసిరినవి ఆ లెక్కలోకి వస్తాయా? చలికాలంలో సెలవెంత? ఆయన మంచి మనిషి, దాచకుండా చెప్పాడు. గేముల్లో పిచ్ కౌంట్ పక్కాగా చూస్తారట, బుల్‌పెన్ లెక్కలోకి రాదట, నవంబరు నుంచే ఇండోర్‌లో విసరడం మొదలట. మావాడు చలికాలం స్నేహితులతో బాస్కెట్‌బాల్ ఆడుకుంటాడు, అది ఉంచుకోవచ్చా అని అడిగితే కుదరదన్నాడు. సంతకం పెట్టాల్సిన కాగితంలో కూడా అదే ఉంది, ఇంకో ఆట ఆడకూడదని.

మావాడితో కూర్చుని మొత్తం చెప్పాం. వాడికి వెళ్లాలనే ఉంది, ఆ జెర్సీ మీద వాడికెంత మోజో నాకు తెలుసు. "నేను బాగా ఆడట్లేదా అమ్మా?" అన్నాడు. బాగా ఆడుతున్నావు కాబట్టే ఇంత ఆలోచిస్తున్నాం నాన్నా అన్నాను. అలిగాడు, అన్నం దగ్గర మాట్లాడలేదు. మరునాడు వాళ్ల నాన్నతో పెరట్లో గ్రౌండర్లు (నేల మీద దొర్లే బంతులు) పడుతూ మామూలైపోయాడు. ఆ టీమ్ కావాలనుకోవడం, ఆట కావాలనుకోవడం రెండూ వేరని నాకనిపిస్తుంది, వాడికి రెండోది పుష్కలంగా ఉంది. అది లేని పిల్లాణ్ణి మాత్రం ఎంత మంచి ప్రోగ్రామ్‌లోనైనా చేర్చొద్దంటాను.

ఆదివారం కోచ్‌కి ఈ ఏడాది వద్దని రాసేశాను, కారణం కూడా రాశాను. మావాడు ఊరి లీగ్‌లోనే ఆడతాడు, లీగ్‌లో బాగా ఆడేవాళ్లతో కట్టే ఆల్ స్టార్స్ జట్టుకి ప్రయత్నిస్తాడు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బంతి విసరడు. వచ్చే ఆగస్టులో మళ్లీ ట్రైఅవుట్స్‌కి తీసుకెళ్తాను. ఈసారి ఆ మూడు ప్రశ్నలూ ముందే పంపి, చలికాలం సెలవిచ్చే టీమ్‌లకే పేరు ఇస్తాం.